బిళ్ళగన్నేరు కథ: సుగరు మందని వెతికితే దొరికిందేటి?

ఈ పోస్టు కొంచెం పొడుగు. తీరిక చూసుకొని చదవండి. ఇంట్లో సుగరు మనిషి ఉంటే మాత్రం వాయిదా వెయ్యకండి, ఈ రాత్రికే చదవండి.

బిళ్ళగన్నేరు తెలియని ఇల్లు మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఉండదు. ఇచ్ఛాపురం నుంచి భోగాపురం దాకా సముద్రం పక్క ఇసక నేలల్లో, జీడితోటల గట్ల మీద, బడి గోడ వారన, గుడి ముందర, సమాధుల దగ్గర ఎవరూ వెయ్యకుండానే మొలుస్తుంది. నీళ్ళు పొయ్యకపోయినా బతుకుతుంది. మండుటెండల్లో కూడా పూస్తుంది. గులాబీ రంగు ఒకటి, తెలుపు ఒకటి, తెల్లదాంట్లో మధ్యన ఎర్రబొట్టు పెట్టినట్టుండేది ఇంకొకటి. అయిదు రేకులూ విచ్చుకుంటే రూపాయి బిళ్ళలా ఉంటుంది. హిందీవాళ్ళు దీన్ని సదాబహార్ అంటారు, తమిళులు నిత్యకల్యాణి అంటారు. ఎప్పుడూ కళగా ఉండేదని. అదే తమిళులు దీనికే సుడుకాట్టు మల్లి అని ఇంకో పేరు పెట్టారు, అంటే వల్లకాటి మల్లె. ఒకే మొక్కకి పెళ్ళి పేరూ ఉంది, వల్లకాటి పేరూ ఉంది. కథ మొత్తం విన్నాక రెండూ దానికి తగినవే అని మీరే అంటారు.

ఇప్పుడు మన ఊళ్ళల్లో జరుగుతున్న సంగతి చెప్తాను. ఎవరికైనా సుగరొచ్చిందని తెలిస్తే చాలు, రచ్చబండ దగ్గర ఎవరో ఒకరు "ఏటి మావా, సుగరొచ్చిందంటగా? పరగడుపున నాలుగు బిళ్ళగన్నేరాకులు నమిలెయ్, పదిరోజుల్లో దిగిపోద్ది" అంటారు. కొందరు పువ్వులు నీళ్ళల్లో మరగబెట్టి తాగుతారు, కొందరు ఆకు పసరు పిండుకుంటారు. ఈ మధ్య ఫోనుల్లో వీడియోలు కూడా తోడయ్యాయి. దాన్ని నమ్మి ఆసుపత్రి బిళ్ళలు మానేస్తున్నవాళ్ళున్నారు. "క్యాన్సర్ మందే దీన్నుంచి చేస్తున్నారంట, మరి సుగరెంత?" అని దబాయించేవాళ్ళూ ఉన్నారు. ఆ మాటలో సగం నిజం ఉంది. ఆ సగం నిజమే మిగతా సగాన్ని ఎలా కొట్టేస్తుందో చెప్పడానికే ఈ పోస్టు.

ముందు ఈ మొక్క పుట్టిల్లు ఎక్కడో చూద్దాం. మన తాతల కాలం నుంచి ఉంది కదా, చరకుడూ సుశ్రుతుడూ రాసే ఉంటారు అనుకుంటాం. రాసే వీలు లేదు. ఇది ఆఫ్రికా పక్కనున్న మడగాస్కర్ దీవి మొక్క. అక్కడి నుంచి ఫ్రెంచివాళ్ళ ద్వారా పారిస్ రాజతోటకి విత్తనాలు చేరాయి. 1750ల్లో పారిస్ నుంచి లండన్‌లోని చెల్సీ మందుమొక్కల తోటకి వెళ్ళాయి. ఆ తోట చూసుకునే ఫిలిప్ మిల్లర్ పెంచి, పూయించి అందరికీ పంచాడు. 1759లో లిన్నేయస్ దానికి వింకా రోజియా అని పేరు పెట్టాడు. ఇప్పటికీ కొందరు వింకా అనేది అందుకే. తర్వాత 1837లో జార్జ్ డాన్ దాన్ని వేరే జాతిలోకి మార్చి కాథరాంథస్ రోజియస్ అన్నాడు. అందమైన పువ్వు, తేలిగ్గా బతికే మొక్క కాబట్టి ఓడలు ఆగిన ప్రతి వేడి దేశంలోనూ పాతుకుపోయింది.

బయట నుంచి వచ్చిందని చిన్నచూపు అక్కర్లేదు. మన పలాస జీడి కూడా బ్రెజిల్ నుంచి పోర్చుగీసువాళ్ళ ఓడల్లో వచ్చిందే. మిరపకాయా అంతే. కానీ "మన ప్రాచీన వైద్యంలో వేల ఏళ్ళుగా ఉంది" అని ఎవరైనా అంటే ఆ మాట మాత్రం నమ్మకండి. పాత గ్రంథాల్లో ఉన్నది సర్పగంధ. అదీ ఈ గన్నేరు కుటుంబం మొక్కే. దాని వేరు నుంచి బీపీకి రెసర్పిన్ అనే మందు 1952లో విడదీశారు. ఎర్ర గన్నేరు, పచ్చ గన్నేరు, దేవగన్నేరు, నందివర్ధనం, జిల్లేడు అన్నీ ఒకే కుటుంబం. ఈ కుటుంబంలో చాలావాటికి పాలు కారతాయి, చాలావాటిలో విషం ఉంటుంది. గన్నేరు పప్పు ఎంత పని చేస్తుందో మన ఊళ్ళల్లో ఎవరికీ చెప్పక్కర్లేదు. బిళ్ళగన్నేరుని ఆకలి మీదున్న మేక కూడా మామూలుగా వదిలేసి పోతుంది. నోరులేని జీవానికి తెలిసిన సంగతి అది.

సుగరు మాట మన ఊళ్ళోనే పుట్టలేదు. జమైకాలో, ఫిలిప్పీన్స్‌లో, దక్షిణాఫ్రికాలో కూడా జనం ఈ ఆకు కషాయం సుగరుకి తాగేవారు. ఇంగ్లండులో విన్‌కులిన్ అని పేరుపెట్టి సుగరు మందుగా అమ్మారు కూడా. ఇన్ని దేశాలవాళ్ళు ఒకరికొకరు తెలియకుండా ఒకే మాట అంటున్నారంటే ఏదో ఉండి ఉంటుందని డాక్టర్లకీ అనిపించింది. అసలు కథ అక్కడే మొదలు.

1921లో కెనడాలోని టొరంటోలో బాంటింగ్ అనే డాక్టరు ఇన్సులిన్ కనిపెట్టే పనిలో పడ్డాడు. ఆయనకి సాయంగా ఇద్దరు కుర్రాళ్ళు, చార్లెస్ బెస్ట్, క్లార్క్ నోబుల్. ముందు ఎవరు పనిలో చేరాలో బొమ్మా బొరుసూ వేసుకుంటే బెస్ట్ గెలిచాడు. ఇన్సులిన్ చరిత్రలో బెస్ట్ పేరు నిలిచిపోయింది, నోబుల్ పేరు మరుగున పడింది. ముప్పై ఏళ్ళు గడిచాక 1952లో ఆ క్లార్క్ నోబుల్‌కి జమైకా నుంచి ఒక కవరు వచ్చింది. ఆయన దగ్గర వైద్యం చేయించుకున్న మనిషే పంపాడు. లోపల 25 బిళ్ళగన్నేరు ఆకులు. ఇన్సులిన్ దొరకనప్పుడు ఇక్కడివాళ్ళు ఈ ఆకు కషాయం తాగుతారు, చూడండి అని కబురు. క్లార్క్ వాటిని వెస్టర్న్ ఒంటారియో విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్న తమ్ముడు రాబర్ట్ నోబుల్‌కి పంపించాడు.

రాబర్ట్ ఆకు సారం తీసి ఎలుకలకి తాగించాడు. సుగరులో చెప్పుకోదగ్గ మార్పు ఏమీ లేదు. సరే, నోటి ద్వారా పనిచెయ్యడం లేదేమోనని గట్టి సారం తీసి సూది వేశాడు. సుగరు సంగతి అటుంచి ఎలుకలే చచ్చిపోయాయి. కోసి చూస్తే ఒళ్ళంతా చీము పట్టి ఉంది. ఎందుకంటే వాటి రక్తంలో తెల్లకణాలు పడిపోయాయి, ఎముకల్లో మూలుగ దెబ్బతింది. మామూలుగా ఒంట్లోకి చొరబడే సూక్ష్మజీవులని ఎదిరించేది ఆ తెల్లకణాలే. చేనుకి కావలి తీసేస్తే పశువులు పడి మేసేసినట్టు, కావలి లేని ఒంట్లో రోగాలు మేసేశాయి.

ఇంకొకరైతే ఇది విషం అని ఆకులు అవతల పారేసేవారు. రాబర్ట్ నోబుల్ అక్కడ ఆగి ఆలోచించాడు. రక్త క్యాన్సర్‌లో జరిగేదేమిటి? తెల్లకణాలు అదుపు లేకుండా పెరిగిపోవడమే కదా. మరి తెల్లకణాలని పడగొట్టేది దొరికితే? రసాయన శాస్త్రం తెలిసిన చార్లెస్ బీర్‌ని తోడు తెచ్చుకున్నాడు. బీర్ ఆ ఆకు సారంలో వందకు పైగా ఉన్న పదార్థాల నుంచి అసలు పనిచేసేదాన్ని విడదీశాడు. దానికే ఇప్పుడు విన్‌బ్లాస్టిన్ అని పేరు. 1958లో దాన్ని లోకానికి చెప్పారు. అదే కాలంలో అమెరికాలో ఎలై లిల్లీ కంపెనీలో గోర్డన్ స్వొబోడా అనే ఆయన కూడా సుగరు మాట విని ఈ మొక్కనే పరీక్షకి పెట్టాడు. అక్కడ రక్త క్యాన్సరున్న చుంచెలుకలు ఎక్కువ రోజులు బతికాయి. స్వొబోడా ఇంకో మందు, విన్‌క్రిస్టిన్, విడదీశాడు. అమెరికా ప్రభుత్వం 1961లో విన్‌బ్లాస్టిన్‌కి, 1963లో విన్‌క్రిస్టిన్‌కి అనుమతి ఇచ్చింది.

అంటే ఇద్దరూ వెతికింది సుగరు మందు కోసం. ఇద్దరికీ దొరికింది క్యాన్సర్ మందు. సుగరు మందు మాత్రం ఇద్దరికీ దొరకలేదు. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకుంటే మిగతాదంతా అర్థమైపోతుంది.

మందు ఎలా పనిచేస్తుందో కూడా చూడండి. ఒంట్లో కణం రెండుగా చీలి పెరుగుతుంది. చీలేముందు లోపలి సరంజామాని చెరో పక్కకీ లాగాలి. దానికోసం కణం గోగునార పేనినట్టు సన్నటి తాళ్ళు పేనుకుంటుంది. విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్ ఆ నారకి అంటుకొని తాడు పడనివ్వవు. తాడు లేకపోతే కణం చీలలేక అక్కడే చస్తుంది. క్యాన్సర్ కణాలు గబగబా చీలతాయి కాబట్టి ముందు అవి చస్తాయి. కానీ మూలుగలోని కణాలూ, జుట్టు మొదళ్ళూ, పేగు లోపలి పొరా కూడా గబగబా చీలేవే. అందుకే మందు ఎక్కించుకున్నవాళ్ళకి జుట్టు రాలుతుంది, తెల్లకణాలు పడిపోతాయి. నరాల్లో కూడా ఇలాంటి తాళ్ళే ఉంటాయి కాబట్టి విన్‌క్రిస్టిన్‌తో కాళ్ళూ చేతులూ తిమ్మిరెక్కుతాయి, మలబద్ధకం పట్టుకుంటుంది. మందుకీ విషానికీ మధ్య గట్టు చాలా సన్నం. పెద్ద మనిషికి కూడా విన్‌క్రిస్టిన్ ఒక్కసారికి మామూలుగా 2 మిల్లీగ్రాములు దాటనివ్వరు. అంటే ఒక బియ్యపు గింజ బరువులో పదో వంతు. అదీ రక్తనాళంలోకే ఎక్కించాలి. పొరపాటున వెన్నులోకి ఎక్కిస్తే ప్రాణం పోతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆసుపత్రులనే హెచ్చరించింది.

ఈ కథలో మన తెలుగువాడి చెయ్యి కూడా ఉంది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ కంపెనీలో పరిశోధనలు నడిపించారు. ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్‌ని 1947-48లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ పిల్లలకి వాడితే, మొట్టమొదటిసారి జబ్బు కొన్నాళ్ళు వెనక్కి తగ్గింది. దాని తర్వాతిదే మెథోట్రెక్సేట్, అదీ అదే బృందానిది. సుబ్బారావు గారు 1948లోనే పోయారు. 1960ల మొదట్లో అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థలో నాలుగు మందులు కలిపి పిల్లలకి ఇవ్వడం మొదలుపెట్టారు. ఆ నాలుగింట్లో ఒకటి బిళ్ళగన్నేరు నుంచి వచ్చిన విన్‌క్రిస్టిన్, ఇంకొకటి మెథోట్రెక్సేట్. అంతకుముందు ఈ జబ్బొచ్చిన పిల్లలు నెలల్లో పోయేవారు. ఇప్పుడు మంచి వైద్యం అందిన చోట పదిమందిలో తొమ్మిదిమంది దాకా బతుకుతున్నారు. మన గుమ్మం ముందు పువ్వూ, మన భీమవరం మనిషి బుర్రా ఒకే మంచం దగ్గర పనిచేశాయన్నమాట.

మరి ఇంత విలువైన మందు మన పెరట్లోనే ఉంటే ఎందుకంత ఖరీదు? ఎందుకంటే ఆకులో మందు ఉండేది అతి కొంచెం. ఒక గ్రాము కోసం వందల కిలోల ఎండాకు కావాలి. దానికి కారణం 2010లో కెనడా పరిశోధకులు చూపించారు. విన్‌బ్లాస్టిన్ రెండు ముక్కలు అతుక్కుంటే తయారవుతుంది, ఒకటి కాథరాంథిన్, రెండోది విండోలిన్. మొక్క కాథరాంథిన్‌ని ఆకు పైనున్న మైనం పొరలోకి నెట్టేస్తుంది, విండోలిన్‌ని ఆకు లోపల కణాల్లో దాచుకుంటుంది. రెండూ కలవనే కలవవు. మనం యూరియా ఒక గదిలో, విత్తనం ఇంకో గదిలో పెట్టుకున్నట్టే అనుకోండి. ఈ చేదంతా మొక్క మనకోసం చేసుకోలేదు. పురుగు నుంచీ తెగులు నుంచీ తనని తాను కాచుకోవడానికి చేసుకుంది.

ఆ ఎండాకు నుంచి మన దేశంలోనే మందు తీసే పద్ధతిని పుణె జాతీయ రసాయన ప్రయోగశాలలో తయారుచేసినదీ ఒక తెలుగు శాస్త్రవేత్తే, గుంటూరు నుంచి వెళ్ళిన ఎ.వి.రామారావు గారు. సిప్లా కంపెనీ దాంతో మందు చేసింది. తమిళనాడులో దక్షిణాది మెట్ట రైతులు దీన్ని పంటగా వేశారు. ఆకు క్యాన్సర్ మందుకి పోతుంది, వేరులోని అజ్మాలిసిన్ రక్తప్రసరణ మందుకి పోతుంది. లక్నోలోని సీమాప్ సంస్థ నిర్మల్, ధవళ్ అని రెండు రకాలు కూడా ఇచ్చింది. ఈ సంస్థకి హైదరాబాదు బోడుప్పల్‌లో కేంద్రం ఉంది.

ఇది చదివి రేపే ఎకరం వేసెయ్యకండి. కొనేవాడు ముందు, విత్తనం తర్వాత. కొనేవాళ్ళు ఆకు బరువుతో పాటు లోపల మందు శాతం కూడా చూస్తారు. నీళ్ళు నిలిస్తే మొదలు కుళ్ళిపోతుంది. 2022లో ఈస్టుకి జన్యువులు ఎక్కించి విండోలిన్, కాథరాంథిన్ రెండూ తయారుచేయించారు, అంటే రేపొద్దున ఈ పంట అవసరం ఎంతుంటుందో ఆలోచించుకోవాలి. ఇంకొకటి, పెరట్లో బిళ్ళగన్నేరు పువ్వులు ఆకుల్లా పచ్చగా మారిపోతే పీకి తగలబెట్టండి. మన నువ్వుచేలో వెర్రి తెగులు తెచ్చే జాతి సూక్ష్మజీవులు దీంట్లోనూ ఉంటాయి, దీపపు పురుగులు వాటిని మోస్తాయి.

లాభం సంగతి కూడా చెప్పుకోవాలి. మొక్క మడగాస్కర్‌ది. జమైకా, ఫిలిప్పీన్స్ పేదవాళ్ళ నోటిమాట పట్టుకునే డాక్టర్లు వెతికారు. మందు వచ్చాక మడగాస్కర్‌కి ఆ లాభంలో వాటా రాలేదు. ఈ అన్యాయాన్ని ప్రపంచమంతా ఉదాహరణగా చెప్పుకుంది. 1992లో జీవవైవిధ్య ఒప్పందం, మన దేశంలో 2002లో జీవవైవిధ్య చట్టం వచ్చాయి. ఆ చట్టం ప్రకారం ప్రతి పంచాయతీకీ జీవవైవిధ్య కమిటీ ఉండాలి, ఊళ్ళోని మొక్కలూ వాటి వాడకమూ ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్‌లో ఎక్కాలి. మీ పంచాయతీలో ఆ రిజిస్టర్ ఎక్కడుందో ఒకసారి అడగండి. సీతంపేట, పార్వతీపురం కొండల మీద గిరిజనులకి తెలిసిన మొక్కలు కాగితం మీదకి ఎక్కకుండానే పోతే నష్టం మనకే.

ఇక మళ్ళీ సుగరు దగ్గరికి వద్దాం. "మరి ఆంధ్రా యూనివర్సిటీవాళ్ళే సుగరు తగ్గుతుందన్నారు కదా" అని చదువుకున్న కుర్రాళ్ళు అడుగుతారు. నిజమే. 2003లో విశాఖ ఆంధ్ర విశ్వవిద్యాలయం ఫార్మసీ విభాగంవాళ్ళు పచ్చి ఆకు పసరు కుందేళ్ళకి తాగించి, సుగరు తగ్గిందని అచ్చువేశారు. మంచి పని చేశారు. అయితే అది కుందేళ్ళ మీద, కొలిచిన మోతాదులో, కొద్ది గంటలు గమనించి చేసిన పరీక్ష. మనిషి పదేళ్ళు తాగితే మూలుగకి ఏమవుతుందో చెప్పే పరీక్ష కాదది. మనిషికి సుగరు మందుగా ఈ ఆకు ఎక్కడా నిలబడలేదు. పసరు ప్రభావంతో సుగరు తగ్గిందనుకున్నా, ఆసుపత్రి బిళ్ళతో పాటు తాగితే ఒక్కసారి పడిపోయి కళ్ళు తిరిగి పడతారు. బిళ్ళ మానేసి ఇదే తాగితే లోలోపల సుగరు పెరిగి కన్నూ, కాలూ, మూత్రపిండమూ పోతాయి. ఆ చెట్టు ఆకుకీ ఈ చెట్టు ఆకుకీ, వానాకాలం ఆకుకీ ఎండాకాలం ఆకుకీ మందు ఒకేలా ఉండదు. నాలుగు ఆకులు అంటే ఎంత? ఏ తక్కెడా చెప్పలేదు.

ఉద్దానంవాళ్ళకి మరీ మరీ చెప్తున్నాను. కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు వైపు కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్ళు ఖాళీ చేసిందో మనకి తెలుసు. ఆ జబ్బుకి బిళ్ళగన్నేరు కారణమని నేను అనడం లేదు. కానీ వడకట్టే జల్లెడే పాడైన ఒంట్లోకి కొలత లేని కషాయాలు పొయ్యకండి. ఇది ఒక్కటే కాదు, ఏ పసరైనా సరే. తాగుతున్నవాళ్ళుంటే ఆ సంగతి డాక్టరు దగ్గర దాచకుండా చెప్పండి. కడుపుతో ఉన్న ఆడపిల్లలు అసలు ముట్టుకోకూడదు, కణం చీలకుండా ఆపే పదార్థం కడుపులో బిడ్డకి ఏం చేస్తుందో ఆలోచించుకోండి.

క్యాన్సర్ ఉన్న ఇంటివాళ్ళకి ఇంకో మాట. పిల్లలు పాలిపోయి, జ్వరం తగ్గుతూ వస్తూ ఉంటే, దెబ్బ తగలకుండానే ఒంటి మీద కమిలిన మచ్చలు వస్తే, చిగుళ్ళ నుంచి రక్తం కారితే రక్తపరీక్ష చేయించండి. విశాఖ అగనంపూడిలో టాటావారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. ఆరోగ్యశ్రీలో, అదే ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవలో, క్యాన్సర్ మందుల వైద్యం ఉంది. అక్కడ ఎక్కించే సీసాలో మన బిళ్ళగన్నేరే ఉండొచ్చు. కానీ అది వందల కిలోల ఆకు నుంచి ఒక్క గ్రాము తీసి, తూచి, బిడ్డ బరువు చూసి, రక్తం పరీక్షించి ఎక్కించేది. ఆ బిడ్డని ఇంట్లో ఉంచి ఆకు పసరు పొయ్యడం అంటే, పంటకి మందు కొట్టమంటే డబ్బా మొత్తం బావిలో పోసినట్టు.

మొక్కని పీకెయ్యమని చెప్పడం లేదు. గుమ్మం ముందు పెంచుకోండి, దేవుడికి పెట్టండి, అందం చూసుకోండి. పిల్లలకి దాని కథ చెప్పండి. నమలడం మాత్రం మేక దగ్గర నేర్చుకుని మానేద్దాం.

మీ ఊళ్ళో ఎవరైనా ఈ ఆకు తాగుతుంటే తిట్టకండి, వాళ్ళు భయంతో తాగుతున్నారు. ఈ పోస్టు చదివి వినిపించండి. సందేహాలుంటే కింద రాయండి, నాకు తెలిసినంత చెప్తాను, మిగతాది డాక్టరునే అడుగుదాం. ఉంటాను.